స్విఫ్ట్ హైట్ తగ్గించాలని ఉంది: మన నెల్లూరు, ఒంగోలు రోడ్ల మీద ఎంతవరకు దించొచ్చు?

మైపాడు_గాలి | నెల్లూరు
అందరికీ నమస్కారం. నాది 2019 స్విఫ్ట్ పెట్రోల్ జెడ్‌ఎక్స్‌ఐ. టైర్లు కంపెనీ ఇచ్చిన సైజే, 185/65 ఆర్15. టైరుకీ పైన ఫెండర్‌కీ మధ్య ఉన్న ఆ ఖాళీ నాకు మొదటి నుంచీ నచ్చలేదు. చూపు సంగతి పక్కన పెట్టినా, హైవే మీద 90, 100 మధ్యలో లారీని దాటేటప్పుడు బండి పక్కకి ఊగి, కాసేపటికి గానీ కుదురుకోదు. స్ప్రింగులు మార్పించి 40 ఎంఎం దించుదామని గట్టిగా అనుకుంటున్నా.

ఎక్కువగా తిరిగేది నెల్లూరు నుంచి ఒంగోలు. అప్పుడప్పుడూ కందుకూరు దాటి లోపలి ఊళ్లకి కూడా పోవాలి. ఇంట్లో నలుగురం, సామాన్లు ఉంటాయి. స్ప్రింగులు ఒక్కటే మారిస్తే చాలా, కాయిల్‌ఓవర్ సెట్ (హైట్ మార్చుకునే వీలున్న స్ప్రింగు, షాక్ కలిసిన సెట్) పెట్టించాలా? మన వైపు ఎవరైనా చేయించి ఉంటే వివరంగా చెప్పండి.

కావలి_కుర్రోడు | కావలి
అన్నా, కొత్త స్ప్రింగులు ఎందుకు? ఉన్నవాటినే ఒకటిన్నర చుట్టు కోయించెయ్. మా ఫ్రెండ్ బండికి అట్లాగే చేశారు. ఒక పూట పని, ఖర్చు కూడా పెద్దగా లేదు. బండి చూడ్డానికి మాత్రం అదిరిపోయింది.

ఆటోనగర్_రెంచ్ | నెల్లూరు
తమ్ముడూ కావలీ, నీ మీద కోపం లేదు గానీ, ఈ సలహా ఇంకెవరికీ ఇవ్వొద్దు. సస్పెన్షన్ పనే చేసుకుని బతుకుతున్నవాణ్ణి, అందుకే కొంచెం గట్టిగా చెప్తున్నా.

స్ప్రింగు మామూలు ఇనుప కడ్డీ కాదు. ఫ్యాక్టరీలో వేడి చేసి, చల్లార్చి, మళ్లీ లెక్క ప్రకారం వేడి చేసి దానికి ఆ బిగువు తెప్పిస్తారు. గ్యాస్ కటింగ్ మంట పెడితే కోసిన చోట చుట్టుపక్కల ఆ బిగువు పోతుంది. కొన్నాళ్లకి ఒక పక్క కుంగుతుంది, లేదా అక్కడే విరుగుతుంది.

రెండోది, స్ప్రింగు కొస కూర్చోడానికి సీటులో ఒక గాడి ఉంటుంది. కోసిన కొస ఆ గాడిలో సరిగ్గా పడదు, సీటు రబ్బరుని నమిలేస్తుంది. మూడోది అన్నిటికన్నా ప్రమాదం. బండి ఏదైనా ఎగుడు మీద లేచి చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు కూడా స్ప్రింగు సీటుల మధ్య బిగిసి ఉండాలి. పొట్టి చేసిన స్ప్రింగు ఆ క్షణంలో వదులై పక్కకి జరుగుతుంది. మళ్లీ బండి బరువు పడేసరికి ఎక్కడో ఒక చోట అడ్డంగా కూర్చుంటుంది. వెనక చక్రాల దగ్గర ఇది మరీ సులువుగా జరుగుతుంది, ఎందుకంటే స్విఫ్ట్‌లో వెనక స్ప్రింగు వేరు, షాక్ (స్ప్రింగు ఊపుని ఆపే షాక్ అబ్జార్బర్) వేరు.

కావలి_కుర్రోడు
> గ్యాస్ కటింగ్ మంట పెడితే

మరి గ్రైండర్ బ్లేడుతో, మధ్యలో నీళ్లు పోస్తా కోస్తే? వేడి రాదు కదన్నా.

ఆటోనగర్_రెంచ్
వేడి సమస్య తగ్గుతుంది, ఒప్పుకుంటా. మిగతా రెండూ అట్లాగే ఉంటాయి. ఇంకొకటి కూడా ఉంది. స్ప్రింగు గట్టితనం దాని చుట్ల లెక్క మీద ఆధారపడుతుంది. పనిచేసే చుట్లు ఆరుంటే, ఒకటి తీసేస్తే ఐదు. అంటే గట్టితనం 20 శాతం పెరుగుతుంది. ఎంత దిగింది, ఎంత గట్టిపడింది అనేది మన చేతిలో ఉండదు, కోత ఎట్లా పడితే అట్లా. షాక్ మాత్రం పాత స్ప్రింగుకి తగ్గట్టు తయారైంది. గట్టి స్ప్రింగు వెనక్కి తన్నేటప్పుడు ఆపగల శక్తి దానికి ఉండదు. గుంతలో పడ్డ తరవాత బండి ఎగురుతూనే పోతుంది.

లోయరింగ్ కోసం తయారుచేసి అమ్మే స్ప్రింగులో ఇవన్నీ ముందే లెక్కేసి ఉంటాయి. ఐబాక్ లాంటి కంపెనీలు ఒక్కో మోడల్‌కి విడిగా చేసేది అందుకే.

చీమకుర్తి_నల్లరాయి | చీమకుర్తి
నేను అసలు వద్దనే అంటా. మా వైపు ఒకసారి వచ్చి చూడండి. గ్రానైట్ బండలు ఎత్తుకుని లారీలు రాత్రింబవళ్లు తిరిగే రోడ్లు. చక్రాలు పడే చోట తారు అణిగిపోయి రెండు కాలవల్లా తయారవుతుంది, మధ్యలో గట్టు లేస్తుంది. మామూలు హైట్ బండికే ఆ గట్టు కింద గీసుకుంటుంది. 40 దించితే ఆయిల్ చాంబర్ గతి ఏమిటి?

ఊళ్లల్లో స్పీడ్ బ్రేకర్లు ఇంకో బాధ. యాక్సిడెంట్ అయిందంటే మర్నాడు ఊరివాళ్లే సిమెంటు తెచ్చి పోసేస్తారు. వాళ్ల బాధ వాళ్లది, తప్పు పట్టను, పిల్లలు దాటే రోడ్లు. కానీ దానికి తెల్ల గీత ఉండదు, బోర్డు ఉండదు. రాత్రిపూట మీద పడ్డాక గానీ తెలియదు.

లెక్కల_మాస్టారు | కందుకూరు
చీమకుర్తి మిత్రుడు చెప్పిన స్పీడ్ బ్రేకర్ దగ్గరే అసలు విషయం ఉంది. కాస్త లెక్క వేసి చూపిస్తాను, ఓపిగ్గా చదవండి.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి హంప్ వెడల్పు 3.7 మీటర్లు, మధ్యలో ఎత్తు 10 సెంటీమీటర్లు, ఆ వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. స్విఫ్ట్ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2.45 మీటర్లు. అంటే ప్రమాణం ప్రకారం కట్టిన హంప్ మీద నాలుగు చక్రాలూ ఒకేసారి ఎక్కి ఉంటాయి. అప్పుడు బండి పొట్ట కిందికి పొడుచుకొచ్చే ఎత్తు ఎంత? 2.45ని 2.45తో గుణించి, 17కి ఎనిమిది రెట్లతో భాగించండి. 0.044 మీటర్లు వస్తుంది, అంటే 44 ఎంఎం. హంప్ ఎత్తు 100 ఎంఎం అయినా మన గ్రౌండ్ క్లియరెన్స్‌లో, అంటే నేలకీ బండి పొట్టకీ మధ్య ఖాళీలో, అది తినేది 44 మాత్రమే.

ఇప్పుడు ఊళ్లో పోసిన గట్టు తీసుకోండి. వెడల్పు రెండడుగులు, ఎత్తు 15 సెంటీమీటర్లు అనుకుందాం. ముందు చక్రం దిగిపోయింది, వెనక చక్రం ఇంకా ఎక్కలేదు, గట్టు మొత్తం పొట్ట కిందే ఉంది. తినేది పూర్తిగా 150 ఎంఎం. స్విఫ్ట్ కంపెనీ క్లియరెన్స్ 163. ఖాళీ బండి, మెల్లగా పోతే 13 ఎంఎం తేడాతో బయటపడుతుంది. 40 దించితే మిగిలేది 123, కచ్చితంగా తగులుతుంది.

కాబట్టి ఎంత దించొచ్చు అనే ప్రశ్నకి సమాధానం బండిలో లేదు. మీరు రోజూ దాటే రోడ్డు మీద అన్నిటికన్నా ఎత్తుగా, సన్నగా ఉన్న గట్టు ఎత్తులో ఉంది. టేపు పట్టుకెళ్లి కొలవండి.

మైపాడు_గాలి
మాస్టారూ, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్. హంప్ ఎత్తు ఒక్కటే చూసుకోవాలని అనుకునేవాణ్ణి, వెడల్పు ఇంత పని చేస్తుందని తెలియదు. ఒక డౌట్. 163 అనేది ఖాళీ బండికా, మనుషులు ఎక్కాకా?

ఆటోనగర్_రెంచ్
మన దగ్గర కంపెనీలు ప్రచారం చేసే అంకె సాధారణంగా ఖాళీ బండిదే. నీ బండి సంగతి నువ్వే కొలుచుకో. చదునైన చోట ఆపు. హ్యాండ్ బ్రేక్ వదిలి కాస్త ముందుకీ వెనక్కీ నెట్టు, సస్పెన్షన్ సర్దుకుంటుంది. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు నిలువుగా కొలువు. నాలుగు చక్రాలకీ రాసుకో. తరవాత ఇంట్లోవాళ్లని ఎక్కించి, డిక్కీలో సామాను పెట్టి మళ్లీ కొలువు. నేల నుంచి ఫెండర్‌కి కొలవొద్దు, టైరు గాలిని బట్టి ఆ అంకె మారుతుంది.

ఒంగోలు_ఎన్‌హెచ్16 | ఒంగోలు
ఇప్పటిదాకా అందరూ వద్దన్నవాళ్లే మాట్లాడారు కాబట్టి చేయించుకున్నవాణ్ణి నేనూ చెప్తాను. నాది పోలో. ముందూ వెనకా ఒక్కో వైపు 25 నుంచి 30 ఎంఎం మధ్య దిగింది. స్ప్రింగులతో పాటు నాలుగు షాకులూ కొత్తవి, వాటికి సరిపోయే రకం పెట్టించాను. ఎంతో ఇష్టంగా చేయించుకున్నాను, ఇప్పటికీ ఆ బండి ఎక్కితే మనసు నిండుతుంది.

సింగరాయకొండ, టంగుటూరు మీదుగా హైవే మీద లేన్ మారేటప్పుడు తేడా స్పష్టంగా తెలుస్తుంది. స్టీరింగ్ తిప్పగానే బండి వెంటనే మాట వింటుంది, మళ్లీ నేరుగా పెట్టగానే అక్కడే ఆగుతుంది. సైడుగాలికి కదలడం తగ్గింది. ఈ సుఖం ఊరికే రాలేదు. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకి వంతెనల అతుకులు ఒక్కొక్కటీ తెలుస్తాయి. కొత్తపట్నం బీచ్‌కి పోయినప్పుడు ఇసుక దాకా దింపను, తారు ఉన్నచోటే ఆపేస్తా. స్పీడ్ బ్రేకర్ దగ్గర పూర్తిగా మెల్లగా తీసుకోవాలి, వెనక వచ్చేవాళ్లు హారన్ కొట్టినా పట్టించుకోకూడదు.

40 మాత్రం ఎక్కువ. నలుగురితో తిరిగే బండికి 25 దాటొద్దు. ఇది నా గట్టి అభిప్రాయం.

ఆత్మకూరు_అక్క | ఆత్మకూరు
బ్రేకర్ దగ్గర మెల్లగా అన్నారు కదా, దానికి ఒకటి కలపాలి. బ్రేక్ తొక్కి పట్టుకునే బ్రేకర్ ఎక్కేవాళ్లు చాలామంది. బ్రేక్ మీద ఉన్నప్పుడు బండి ముక్కు కిందికి వంగి ఉంటుంది, ముందు స్ప్రింగు సగం కుదించుకునే ఉంటుంది. బ్రేకర్‌కి ముందే వేగం తగ్గించి, ఎక్కేటప్పుడు బ్రేక్ వదిలేయాలి. దించినా దించకపోయినా ఇది అలవాటు చేసుకోండి.

మైపాడు తమ్ముడూ, ఇంట్లో పెద్దవాళ్లున్నారా? మా అమ్మకి నడుము నొప్పి. నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చేటప్పుడు ప్రతి కుదుపూ ఆమె ముఖంలో కనపడుతుంది. అలాంటివాళ్లు ఎక్కే బండి అయితే గట్టి స్ప్రింగుల ఊసే ఎత్తొద్దు. బండి కూడా లోతుకి పోతే ఎక్కి దిగడం వాళ్లకి ఇంకా కష్టం.

ట్రాక్_పిచ్చి | చెన్నై, సొంతూరు కోవూరు
కాయిల్‌ఓవర్ గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్‌కి పోయే బండి నాది, దాని మీద కాయిల్‌ఓవర్లున్నాయి.

కాయిల్‌ఓవర్లలో రెండు రకాలున్నాయి. మొదటి రకంలో స్ప్రింగు కింద ఉండే సీటు మాత్రమే స్క్రూ మరల మీద పైకీ కిందికీ జరుగుతుంది. దాన్ని దించినకొద్దీ బండి దిగుతుంది, కానీ షాక్ లోపల రాడ్ ఆడటానికి ఉన్న చోటు తరుగుతూ పోతుంది. రెండో రకంలో షాక్ అడుగు బ్రాకెట్టే మరల మీద తిరుగుతుంది. హైట్ మారినా రాడ్ ఆడే దూరం అంతే ఉంటుంది. దించాలంటే రెండోదే మేలు. ఇంపోర్టెడ్ సెట్ అయితే లక్ష దాటడం మామూలే. మన సముద్రపు గాలికి, ఉప్పుకి ఆ మరలు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, శుభ్రం చేసి గ్రీజు పెడుతూ ఉండాలి. ఇంటి అవసరాలకి తిరిగే స్విఫ్ట్‌కి ఇదంతా అక్కర్లేదని నా మాట.

ఇంకో సంగతి. దించితే బండి ఒరగడం తగ్గుతుందని అందరూ అంటారు. సగమే నిజం. బండి బరువు కేంద్రం నేల నుంచి సుమారు 550 ఎంఎం ఉందనుకుంటే, 30 దించితే మలుపులో బయటి చక్రాల మీదికి పోయే బరువు ఐదు శాతం పైచిలుకు తగ్గుతుంది, అంతే. స్విఫ్ట్ ముందు భాగంలో ఉన్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ ఒకటిగా ఉండే రకం). బండి దిగితే, చక్రాన్ని కింద పట్టుకునే లోయర్ ఆర్మ్ బయటి కొస పైకి లేస్తుంది, దాంతో రోల్ సెంటర్ (బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) బరువు కేంద్రం కన్నా ఎక్కువ దూరం కిందికి పోతుంది. బండిని ఒరగదీసేది ఆ రెండిటి మధ్య ఉన్న దూరమే. అంటే స్ప్రింగు గట్టిపడకుండా ఉత్త హైట్ మాత్రం తగ్గిస్తే, కొన్ని బండ్లు మునుపటి కన్నా ఎక్కువే ఒరుగుతాయి. ఒంగోలు మిత్రుడికి తెలిసిన తేడాలో ఎక్కువ వాటా గట్టి స్ప్రింగులదీ కొత్త షాకులదీ, హైట్‌ది తక్కువ.

ఒంగోలు_ఎన్‌హెచ్16
ఇది నేను ఒప్పుకుంటాను. షాకులు మార్చిన రోజే బండి మారిపోయింది.

దర్గామిట్ట_లాయర్ | నెల్లూరు
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వెళ్లిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణతో 182ఏ సెక్షన్ వచ్చింది. అందులో నాలుగో ఉపవిభాగం ప్రకారం, అనుమతి లేని విడిభాగాలు బిగించి మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

కావలి_కుర్రోడు
సార్, ఆర్‌సీలో గ్రౌండ్ క్లియరెన్స్ అనే గడే లేదు కదా? మరి భిన్నం అని ఎట్లా అంటారు?

దర్గామిట్ట_లాయర్
మంచి ప్రశ్న. 52వ సెక్షన్ మీద ఆ వాదన పెట్టొచ్చు, నిలబడుతుందని మాత్రం మాట ఇవ్వలేను. 182ఏలో విడిభాగాలు తగిలించడం అనే మాట విడిగా ఉంది, అక్కడ ఆర్‌సీ గడి వాదన సరిపోదు. నేను ఎక్కువ భయపడేది జరిమానాకి కాదు, ఇన్సూరెన్స్‌కి. మార్పు సంగతి కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పకపోతే, ప్రమాదం తరవాత సర్వేయర్ కింద చూసి రాసుకుంటాడు, క్లెయిమ్ దగ్గర పేచీ మొదలవుతుంది. అవతలివాళ్లకి దెబ్బలు తగిలిన కేసయితే ఆ పేచీ ఏళ్ల తరబడి సాగుతుంది. ఆర్టీఓ ఆఫీసులోనూ, ఇన్సూరెన్స్ కంపెనీలోనూ అడిగి, జవాబు కాగితం మీద తీసుకోకుండా ఒక్క బోల్టు కూడా విప్పించొద్దు.

మైపాడు_గాలి
అన్నీ చదివా. రెంచ్ అన్న చెప్పినట్టు కొలిచా. ఖాళీ బండితో పోలిస్తే, నలుగురం ఎక్కి డిక్కీలో సామాన్లు పెడితే వెనక 45 ఎంఎం దిగింది, ముందు 15. నేను 40 అంటూ కూర్చున్నా గానీ, ఇంట్లోవాళ్లు ఎక్కితేనే వెనక అంతకన్నా ఎక్కువ దిగుతోంది. దాని మీద ఇంకో 40 అంటే టైరు ఆర్చ్‌లో తగులుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

మాస్టారు చెప్పినట్టు గట్లు కూడా కొలిచా. హైవే సర్వీసు రోడ్డు మీదవి పర్లేదు. కందుకూరు దాటాక ఒక ఊళ్లో ఉన్నది 14 సెంటీమీటర్లు, సన్నగా, నిటారుగా ఉంది.

ఆటోనగర్_రెంచ్
కిలోమీటర్లు ఎన్ని తిరిగింది? షాకులు ఎప్పుడైనా మార్చావా?

మైపాడు_గాలి
డెబ్బై వేలు దాటింది. మార్చలేదు, కంపెనీవే ఉన్నాయి.

ఆటోనగర్_రెంచ్
అయితే నువ్వు మొదట రాసింది మళ్లీ చదువుకో. లారీని దాటేటప్పుడు ఊగి, కాసేపటికి గానీ కుదురుకోదు అన్నావు. ఊగినాక ఆగకపోవడం హైట్ వల్ల వచ్చే జబ్బు కాదు. షాకులో ఆయిలు పలచబడినా, సీల్ కారినా వచ్చే లక్షణం అది. మన రోడ్ల మీద డెబ్బై వేలు అంటే షాకుల పని దాదాపు అయిపోయినట్టే. బండి కింద చూడు, షాక్ ఒళ్లంతా నూనె తడి, దాని మీద దుమ్ము అంటుకుని ఉంటే ఇంకేం అనుమానం అక్కర్లేదు. టైరు మీద చెయ్యి పెట్టి చుట్టూ తడుము. ఎత్తుపల్లాలుగా అరిగి ఉంటే షాక్ టైరుని నేల మీద పట్టి ఉంచడం లేదని అర్థం.

ముందు కంపెనీ సైజులోనే నాలుగు షాకులూ కొత్తవి వేయించు. ముందు స్ట్రట్ విప్పినప్పుడే పైన మౌంటు రబ్బరు, బేరింగు, బంప్ స్టాపు, దుమ్ము బూటు కూడా మార్పించు, కూలీ రెండోసారి పడదు. లోయర్ ఆర్మ్ బుష్‌లు చీలి ఉంటే అవి కూడా. బుష్ బోల్టులు చక్రాలు నేల మీద ఉండగానే చివరి బిగింపు బిగించాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చీలిపోతుంది. ఇది చాలా షెడ్లలో పట్టించుకోరు, నువ్వు దగ్గరుండి చూసుకో.

లెక్కల_మాస్టారు
ఆ ఫెండర్ ఖాళీ గురించి బెంగపడేవాళ్లు సన్నటి టైరు వేస్తే సరిపోతుందని అనుకుంటారు కాబట్టి అదీ చెప్పేస్తాను. 185/65 ఆర్15 మొత్తం ఎత్తు 621.5 ఎంఎం. 195/55 ఆర్15 అయితే 595.5. బండి దిగేది అందులో సగం, 13 ఎంఎం. ఖాళీ తగ్గదు సరికదా పెరుగుతుంది, చక్రమే చిన్నదైపోతుంది కాబట్టి. స్పీడోమీటరు నిజం కన్నా నాలుగు శాతం ఎక్కువ చూపిస్తుంది. మోసే బరువు కూడా తగ్గుతుంది. పాత సైజు 88 రేటింగ్ టైరు 560 కిలోలు మోస్తే, కొత్త సైజు 85 రేటింగ్ టైరు 515 మోస్తుంది.

చీమకుర్తి_నల్లరాయి
నవంబరు వానల సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు రెండూ వరదకి కోసుకుపోయాయి. అంత పెద్ద వరదని వదిలేసినా, ఏటా ఆ నెలల్లో నెల్లూరు రైల్వే అండర్‌బ్రిడ్జిల కింద నీళ్లు నిలుస్తాయి. బండిని ఎంత దించితే గాలి పీల్చే గొట్టం, సైలెన్సర్ అంత కిందికి వస్తాయి. నీళ్ల కింద గుంత ఎంత లోతుందో కూడా కనపడదు.

మైపాడు_గాలి
సరే, నిర్ణయం చెప్తున్నా. ముందు షాకులు, మౌంట్లు, బుష్‌లు. కంపెనీ హైట్‌లోనే. వానలు తగ్గేవరకు అట్లాగే తిప్పుతా. అప్పటికీ దించాలని ఉంటే, లాయర్ గారు చెప్పినట్టు రెండు చోట్లా కాగితం మీద జవాబు తెచ్చుకున్నాకే, 25 లోపు స్ప్రింగులు చూస్తా. 40 మాట వదిలేశా. కాయిల్‌ఓవర్ కూడా వద్దు.

రెంచ్ అన్నా, ఒకవేళ 25 దించితే అలైన్‌మెంట్ దగ్గర ఏం అడగాలి? క్యాంబర్ (చక్రం నిలువుగా కాక పక్కకి వాలి ఉండటం) వల్ల టైరు లోపలి అంచు తినేస్తుందని అందరూ భయపెడుతున్నారు.

ఆటోనగర్_రెంచ్
25కి వచ్చే క్యాంబర్ మార్పు ఒక్కదాని వల్లే టైరు అంత తొందరగా పోదు. తినేసేది టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం. హైట్ మారితే స్టీరింగ్ నుంచి చక్రానికి పోయే టై రాడ్ కోణం మారుతుంది, దాంతో టో జరుగుతుంది. దాన్ని అట్లాగే వదిలేస్తే చక్రాలు రోడ్డుని గీకుతూ పోతాయి. స్ప్రింగులు వేసిన రోజు ఒకసారి టో పెట్టించు, లేకపోతే ఇంటికి వచ్చేలోపే అరుగుడు మొదలవుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి స్ప్రింగులు కూర్చున్నాక మళ్లీ పెట్టించు. వెనక టార్షన్ బీమ్ (రెండు చక్రాలనీ కలిపే దూలం) కాబట్టి అక్కడ మామూలుగా తిప్పి సరిచేసే ఏర్పాటు ఉండదు, కొలత మాత్రం తీయించు. ముందూ తరవాతా అంకెలున్న ప్రింటు అడిగి తీసుకో. ప్రింటు ఇవ్వం అంటే ఇంకో షెడ్డుకి పో.

అలైన్‌మెంట్‌కి వచ్చేటప్పుడు డిక్కీలో అనవసరం సామాను తీసేసి, టైర్లలో గాలి సరిగ్గా పట్టించుకుని రా.